మా యూరి యెత్తు

మా యమ్మకు ఎనుబదిరెండేండ్లు. ఆమె యెన్నడును విమానమెక్కి యెరుగదు. ఎక్కవలెనని కోరినదియు లేదు. అయినను గడచిన సంవత్సరకాలముగా వారమునకు రెండుసారులైనను రాజమహేంద్రవరమునుండి బయలుదేరి, గోదావరిమీదుగా, పాపికొండల నడుమనుండి మా యూరివరకు విమానమున పోయివచ్చుచున్నది. పోవునపుడు కాళ్లపై దుప్పటి కప్పుకొనును. క్రిందికి చూచునపుడు కుర్చీచేతిని గట్టిగా పట్టుకొనును. విమానమును నడుపునది మా యమ్మాయి. ఆ విమానము మా ముందుగదిలో బల్లపైనున్న కంప్యూటరు తెర.

సోదరీమణులలో పలువుర యిండ్లలో నీ యాట యుండవచ్చును. దీనిని ఫ్లైటు సిమ్యులేటరందురు. తుపాకులు పేల్చు ఆటలకన్న నిది మేలని మేము మొదట నూరకుంటిమి. ఇందు శత్రువులు లేరు. గెలుపును లేదు, ఓటమియు లేదు. విమానమును లేపుట, దారి తప్పక నడుపుట, మెల్లగా దింపుట, ఇంతియే పని. భూమండలమంతయు నందులో గలదు. ఏ కొండ యెచ్చట నున్నదో యచ్చటనే యుండవలయును, ఎంత యెత్తున్నదో యంతయే యుండవలయును. ఈ ‘ఎంత యెత్తు’ అను మాట మా యింట నొక సంవత్సరముపాటు వంటకన్నను, ఇరుగుపొరుగు ముచ్చటలకన్నను ఎక్కువగా నలిగినది. ఆ సంగతి వ్రాయుటకే యీ కాగితములు తీసితిమి.

గోదావరి యొడ్డువారికి ఎత్తుల లెక్క క్రొత్త కాదు. భద్రాచలమువద్ద నీరు 43 అడుగులకు వచ్చినచో మొదటి హెచ్చరిక. 48 అడుగులకు రెండవది. 53 అడుగులకు మూడవది. మా యూరు పాపికొండలకు ఎగువను, భద్రాచలమునకు దిగువను ఉన్నది. వానకాలమున 43 అను మాట చెవిని పడగానే మా యమ్మ బియ్యపుబస్తాను అటక కెక్కించుటకు మనుష్యులను పిలిచెడిది. 48 అనగానే పశువుల పలుపులు విప్పెడివారు. 53 అను మాట విన్నపిదప ఎవరును వంట చేయరు. ఉన్నది మూటగట్టుకొని దిబ్బలకు పోవుదురు. 1986వ సంవత్సరము ఆగస్టులో అచ్చట 75.6 అడుగుల నీరు వచ్చినది. 2022 జులైలో 71.3 అడుగులు. ఈ రెండంకెలును మా యమ్మకు బిడ్డల జన్మదినములవలె కంఠస్థములు.

తరువాత వేరొక యెత్తుల లెక్క మా యూరికి వచ్చెను. పోలవరము జలాశయపు పూర్తి నీటిమట్టము సముద్రమట్టమునకు పైన 45.72 మీటర్లు, అనగా 150 అడుగులు. మొదటి దశకు నిర్ణయించినది 41.15 మీటర్లు, అనగా 135 అడుగులు. ఆ గీతలకు లోబడిన యిండ్లవారు ముందుగా కదలవలయునని చెప్పిరి. అక్షరము ముక్క రానివారు సైతము “మాది నలభైయొకటి కాంటూరు”, “మాది నలభైయైదు కాంటూరు” అని ఇంటిపేరువలె చెప్పుకొన నారంభించిరి. కొలతకు వచ్చినవారు వ్రాసికొనిపోయిన జాబితాలో మా పొరుగింటివారిది నలుబదియొకటి, మాది నలుబదియైదు. ఆ రెండిండ్లకును నడుమ నున్నది ఒక దడి. 2022లో నీరు వచ్చినపుడు ఆ దడి నెరుగనట్లుగా రెండిండ్లలోనికిని ఒకే రాత్రి వచ్చెను. పొరుగింటివారికి కాలనీలో నిల్లు వచ్చినది. మా యమ్మ ఒక ట్రంకుపెట్టెతోను, రెండు ఇత్తడి బిందెలతోను మా యింటికి వచ్చినది.

వచ్చిననాటినుండి ఆమెకు మాటలు తగ్గినవి. నగరపు మేడమీది యింటిలో ఆమె చేయదగిన పని లేదు. ఆమెకు సంతోషము కలిగింపవలెనని ఒక యాదివారము మధ్యాహ్నమున మా యమ్మాయి “అమ్మమ్మా, మన ఊరు చూపిస్తాను రా” అని పిలిచి తెరముందు కూర్చుండబెట్టెను.

విమానము లేచినది. రాజమహేంద్రవరపు వంతెనలు కనబడినపుడు మా యమ్మ మొగము విప్పారెను. పట్టిసీమ దాటువరకు బాగుగనే యుండెను. కొండలు దగ్గరపడినకొలది ఆమె కనుబొమలు ముడివడినవి. గోదావరి ఇరుకునపడి ప్రవహించుచోట, ఇరువైపుల గోడలవలె నిలువవలసిన కొండలు మెత్తగా జారిపోయి యున్నవి. అంతకన్న వింత, నదియొక్క యొక యంచు కొండవాలుపైకి ప్రాకిపోయి యున్నది.

“గోదారి కొండెక్కుతున్నదేమే!” అని మా యమ్మ నివ్వెరపోయెను. ఊరివద్దకు పోగానే, “ఇది మన గట్టు కాదు. మన గట్టుకి ముక్కుంటుంది. ఇది అన్నం ముద్దలా ఉంది. వేరే ఊరికి తెచ్చావు, తిప్పెయ్యి” అనెను.

మా యమ్మాయి చిన్నబోయినది. ఊరు అదియే. అక్షాంశము, రేఖాంశము సరిగానే యున్నవి. గట్టే సరిగా లేదు.

ఎందుచేత లేదను ప్రశ్న మమ్ముకూడ పట్టుకొన్నది. రాత్రి వంటయిల్లు సర్దినపిదప మేమును మా యమ్మాయియు కూర్చుండి తెలిసికొన్న విషయమును మా కర్థమైన తీరున వ్రాయుచున్నాము.

సంక్రాంతినాడు ముంగిట పెట్టు చుక్కలముగ్గును తలచుకొనుడు. ఆ యాటలోని భూమి యట్టి ముగ్గే. మా వద్దనున్న పాత యాటలో చుక్కకును చుక్కకును నడుమ ఎడము సుమారు 90 మీటర్లు. ఒక్కొక్క చుక్కయొద్ద ఒక్కొక్క సంఖ్య గలదు. ఆ తావు సముద్రమట్టమునకెంత పైన నున్నదో యా సంఖ్య తెలుపును. కంప్యూటరు ఆ చుక్కలను త్రికోణములుగా కలిపి నేలను అల్లును. దానిపైన, ఆకాశమునుండి తీసిన ఛాయాపటమును చీరవలె కప్పును. చిక్కు అచ్చటనే యున్నది. చీర నేసినవారు వేరు, ఒడలు కొలిచినవారు వేరు. పటములోని నది కొంచెము ప్రక్కకు జరిగినచో, మైదానమున నెవరికిని తెలియదు. కొండలనడుమ నైనచో నీరు వాలుపై పడును. ఇక గోదావరి ఇరుకైనచోట ఆ పాయలో రెండు మూడు చుక్కలకన్న నెక్కువ పట్టవు. చుక్కలనడుమ నున్న కొమ్ము ఎంత వాడియైనను ముగ్గులో చేరదు. మా గట్టు ముక్కు అట్లు పోయినది.

ఈ సంఖ్యలు వచ్చిన తెరగు మాకెంతయు నచ్చినది. 2000వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన అమెరికావారి ఎండెవరు అను వ్యోమనౌక ఆరుగురితో బయలుదేరి 22వ తేదీన దిగినది. నౌకలో నొక రాడారు. నౌకనుండి బయటికి చాచిన 60 మీటర్ల చేయి చివర మరియొక గ్రాహకము. నౌకనుండి పంపిన తరంగము నేలను తాకి మరలి వచ్చినపుడు రెండు చోట్లను వినబడును. మన రెండు చెవులును ఒక చప్పుడును విని అది యెటనుండి వచ్చినదో పట్టునట్లు, ఆ రెంటి నడిమి స్వల్పభేదమునుబట్టి నేలయెత్తును లెక్కకట్టిరి. ఉత్తరమున 60 డిగ్రీలనుండి దక్షిణమున 56 డిగ్రీలవరకు, అనగా భూమిపై నున్న పొడినేలలో నూటికి ఎనుబది వంతులు, పదునొకండు దినములలో కొలిచిరి. పదింట తొమ్మిదిచోట్ల తప్పు 16 మీటర్లకు మించరాదని వారు పెట్టుకొన్న నియమము. పెక్కుచోట్ల అంతకన్న మేలుగనే వచ్చినది. మొదట అమెరికా బయటి దేశములకు 90 మీటర్ల చుక్కలనే బహిరంగముగా నిచ్చిరి. 2014లో మొదలుపెట్టి ఖండములవారీగా 30 మీటర్ల చుక్కలను విడుదల చేసిరి. ఒక చుక్క యున్న చోట తొమ్మిది చుక్కలన్నమాట.

1819లో జార్జి ఎవరెస్టు దొర కొలతపనిమీద కృష్ణా గోదావరుల నడిమి యడవులకు వచ్చి విషజ్వరమున పడినాడట. ఆతని వెంటనున్న కూలీలు ఎంతమంది పడిరో! వ్యోమనౌకలోనివారికి మా దోమ కుట్టలేదు గదా యని మేమనుకొంటిమి.

2000వ సంవత్సరము ఫిబ్రవరి యని వినగానే మా యమ్మ లేచి కూర్చుండెను. “ఆ మాఘమాసంలోనేగా తమ్ముడి పెళ్లి! ఇంటిముందు తాటాకుపందిరి వేశాం. అది కూడా కొలిచి ఉంటారా?” అని యడిగెను. ఆ రాడారు తరంగము ఆకులను, కొమ్మలను, ఇంటికప్పులను తాకి మరలునుగాని అన్నిచోట్ల మట్టిని తాకదు. కావున పందిరి కప్పును తాకియుండుట సంభవమే. ముప్పది మీటర్ల చుక్కలో పందిరి యెత్తు కలిసిపోవును, విడిగా తెలియదని మా యమ్మాయి నచ్చజెప్పినది. మా యమ్మకు నచ్చలేదు. కలిసిపోయినదన్న మాట నిజమే గదా, కనుక అందులో నున్నట్లే యని యామె వాదము. మాకును ఆ వాదము కాదన బుద్ధిపుట్టలేదు. మా నాన్నగారు ఆ పందిరిక్రిందనే కుర్చీ వేయించుకొని కూర్చుండియుండిరి.

ముప్పది మీటర్ల చుక్కలను మా యమ్మాయి తెచ్చి ఆటలో నతికించినది. ఇది కోడలు క్రొత్తగా వచ్చినపుడు వంటింటి డబ్బాలన్నియు మార్చి సర్దుకొన్నట్టి పని. మూడు వారములు పట్టినది. ఈసారి పాపికొండలు లేచి నిలుచున్నవి. గోదావరి కొండ దిగి తన పాయలోనికి వచ్చినది. గట్టుకు ముక్కు వచ్చినది. మా యమ్మ తెరను వ్రేలితో తాకి, “ఇదీ మన గట్టు. ఈ ముక్కు కింద నీళ్లు సుడి తిరుగుతాయి” అని మా యమ్మాయికి చెప్పెను. ఆనాడు రెండుపూటలును అన్నము బాగుగా తినెను. అయితే ఊరికి తూర్పున లేని దిబ్బయొకటి కనబడినది. “అక్కడ దిబ్బ లేదు, చింతతోపు” అనెను. చెట్లతలలనే నేలయని రాడారు వ్రాసికొన్నది.

చెట్లతోపు దిబ్బయగుట యాటలో నవ్వులకు పనికివచ్చును. నిజమైన విమానములలోను నేల సమీపించినపుడు హెచ్చరించు యంత్రముండును. అదియు నిట్టి యెత్తుల పట్టికనే నమ్ముకొనియుండునని చదివినపిదప మేమంతగా నవ్వలేదు. ఇంకొక వింత చదివితిమి. 2020లో వచ్చిన యొక సిమ్యులేటరులో ఆస్ట్రేలియా దేశపు మెల్‌బోర్ను నగర శివారున సామాన్యమైన యిండ్లనడుమ 212 అంతస్తుల సౌధము సూదివలె నిలిచినదట. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాపు అను ప్రజాపటములో ఎవరో 2 అని వ్రాయవలసినచోట 212 అని వ్రాయుటయే కారణము. పాటకు పద్దులు వ్రాయునపుడు చేయి జారుట మన కెరుకయే.

చేయి జారుట మా యింటను జరిగినది. అది నవ్వదగినది కాదు.

మన దేశమువారు 2005వ సంవత్సరము మే 5వ తేదీన శ్రీహరికోటనుండి కార్టోశాటు-1 అను ఉపగ్రహమును పంపిరి. దానికి రెండు కన్నులు: ఒకటి 26 డిగ్రీలు ముందునకు, మరియొకటి 5 డిగ్రీలు వెనుకకు చూచును. ఒకే చోటును రెండు కోణముల చూచుటచేత ఎత్తు తెలియును; మన కన్నులు రెండును కలిసి సూదిబెజ్జపు దూరమును పసికట్టునట్లే. ఆ కొలతలతో చేసిన ముప్పది మీటర్ల పట్టికను హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమువారు భువన్ ద్వారా ఉచితముగా నిచ్చుచున్నారు. “మనవాళ్లు కొలిచినదమ్మా, మన ఊరు మనవాళ్లకే బాగా తెలుస్తుంది” అని మా యమ్మాయి ఉత్సాహముతో నది తెచ్చి, పనియంతయు రాత్రి ముగించి, ఊరిచుట్టు ఒక చదరమును మాత్రము మార్చి, సరిచూడకయే తెల్లవారి అమ్మమ్మను పిలిచినది. మేము వంటయింట నుంటిమి.

కొంతసేపటికి ముందుగదిలో చప్పుడు లేకపోవుట గమనించి వచ్చితిమి. తెరపై మా యూరు లేదు. గట్టు ముక్కుకొన మాత్రము నీటిపై తేలుచున్నది. చదరపు అంచులయందు నేల నిలువుగా విరిగి గోడలవలె నున్నది, నడుమనంతయు నీరే. మా యమ్మ కదలక చూచుచున్నది.

“ముంచేశారా?” అని యడిగెను. “ఎప్పుడు? నాకు చెప్పలేదేం?”

ఇది యాట, ఇందులో నేదో లెక్క తప్పినది, ఊరు మునుగలేదు అని మేమిద్దరమును ఒకేసారి చెప్పితిమి. ఆమె వినినట్లే తలయూపి, ట్రంకుపెట్టెవద్దకు పోయి, మూత తీసి, మరల మూసినది. ఆ రాత్రి మజ్జిగ మాత్రము త్రాగి పరుండెను. మా యమ్మాయి తన గదిలో తలుపు వేసికొని యేడ్చినది. మేము ఎవరివద్దకు పోవలెనో తోచక హాలులో లైటు ఆర్పి కూర్చుంటిమి.

కారణము మరునాడు తెలిసినది. తప్పు పట్టికది కాదు, మాది. పట్టికవెంట నిచ్చిన వివరములలో స్పష్టముగా వ్రాసియున్నది; మేమే చదువలేదు. ఎత్తనునది ఎచ్చటనుండి కొలిచితిమను దానిపై నాధారపడును. పిల్లవానిని నేలపై నిలిపి కొలిచిన యెత్తును, పీటపై నిలిపి కొలిచిన యెత్తును కలిపి ఒక గోడపై గీతలు గీసిన నేమగును? భద్రాచలపు 43 అడుగులు సముద్రమునుండి కొలిచినవి కావు, అచ్చటి కొలబద్ద సున్ననుండి కొలిచినవి. ఎండెవరువారి పట్టికలోని సున్న సముద్రమట్టము. ఈ పట్టికలోని సున్న వేరు. భూమికి సరిపోవునట్లు గణితజ్ఞులు కల్పించిన నునుపైన గోళము, ధ్రువములవద్ద కొంచెము నొక్కినట్టిది, ఒకటి గలదు. ఎత్తులను దానినుండి లెక్కించిరి. సముద్రమట్టము ఆ నునుపైన గోళముతో కలిసియుండదు. భూమి లోపలి బరువు ఒకచోట నెక్కువయు నొకచోట తక్కువయు నగుటచేత ఆకర్షణ సమముగా నుండదు. నీరు దాని ననుసరించి ఒకచోట ఉబ్బును, ఒకచోట దిగును. ప్రపంచమంతటిలో సముద్రము మిక్కిలి దిగియున్న చోటు మన సింహళమునకు దక్షిణముననే యున్నది. అచ్చట నూరు మీటర్లకు మించి పల్లము. ఆ పల్లపు వాలు మన తెలుగునాటివరకు ప్రాకియున్నది. మా ప్రాంతమున సముద్రమట్టము ఆ గోళమునకు అరువది మీటర్లకు పైగా క్రిందనున్నది. అందుచేత సముద్రమునకు నలుబది మీటర్ల పైనున్న మా యూరు ఆ పట్టికలో సున్నకు క్రిందనుండుట న్యాయమే. ఆటలోని నదికి నీటిమట్టము వేరుగా వ్రాసియుండుటచేత, నేల దిగినను నీరు దిగలేదు.

ప్రతి చుక్కకును ఆ భేదమును కలుపగా ఊరు లేచి వచ్చినది. లెక్కకు అరగంట పట్టినది. మా యమ్మ మరల తెరముందు కూర్చుండుటకు పదిదినములు పట్టినది.

ఆ పదునొకండవ దినమున ఆమెయే వచ్చి, “నీళ్లు తీశావా?” అని మనుమరాలి నడిగి కూర్చుండెను. ఊరిపై చక్కరు కొట్టించి, చాలసేపు చూచి, “గుడి పల్లంగా ఉంది” అనెను. రామాలయమును, మా యిల్లును తెరపై ఒకే మట్టమున నున్నవి. “గుడి మన అరుగుకన్న నిలువెత్తు పైన. ఎనభైయారులో మన అరుగుమీద నిలువులోతు నీళ్లు. గుడి మెట్లలో పైమెట్టు తడిసిందంతే. ఊరంతా ఆ గుళ్లోనే కదా రెండు రాత్రులు ఉన్నాం.”

మా యమ్మాయి కలము తీసికొన్నది. దానికప్పుడు తట్టిన విషయము మాకు తట్టలేదు. వరదనీరు ఊరంతటను ఒకే మట్టమున నిలుచును. మేస్త్రీలు గొట్టములో నీరు పోసి గోడల మట్టము చూచునట్లు, గోదావరి మా యూరి మట్టమును చూచిపోయినది. ఏ యింట ఎంతలోతు నీరు వచ్చినదో చెప్పగలిగినచో, ఏ యిల్లు ఏ యింటికన్న నెంత పల్లమో జానెడు తప్పులేకుండ తెలియును. ఆకాశమునుండి కొలిచిన పట్టికలలో మేలైనదికూడ నాలుగు మీటర్లు తప్పవచ్చునని దానిని చేసినవారే చెప్పుదురు. కార్టోశాటు పట్టికకు ఎనిమిది మీటర్లు. నలుబదియొకటి కాంటూరునకును, నలుబదియైదు కాంటూరునకును నడుమ నున్న భేదము 4.57 మీటర్లు. ఒక దడి కిటు నటు నున్న రెండిండ్లను ఆ గీతలలోనికి పంచవలెనన్న ఆకాశపు పట్టిక చాలదు. నేలపై లెవెలు యంత్రముతో గడపగడపకు పోవలయును. జాబితా వ్రాసినవారు మా గడపకు వచ్చిరో, వీథిమొగనే నిలిచిరో మా యమ్మ యెరుగదు. ఆనాడామె పొలమున నుండెను.

అప్పటినుండి నెల దినములు మా యింట కొలత కార్యాలయమొకటి నడిచినది. మా యమ్మ చెప్పును, మనుమరాలు వ్రాయును. చీలమండలబంటి, మోకాలిబంటి, నడుములోతు, పీకలోతు, నిలువులోతు: ఇవి ఆమె ప్రమాణములు. చీలమండ యెన్ని అంగుళములు, మోకాలెన్ని అంగుళములు అని మా యమ్మాయి టేపు తెచ్చి అమ్మమ్మ కాళ్లకే కొలత పెట్టినది. “ఎనభైయారులో నేను ఇంకా పొడుగేనే, ఇప్పుడు కుంగిపోయాను” అని యామె హెచ్చరించినది. అందుకును రెండంగుళములు కలిపిరి. కరణముగారి మండువా, చాకలివీథి బావి, బడి యరుగు, పడవలరేవులోని బండరాయి, ముప్పదియారు గడపలు. కొన్ని గడపలవద్ద ఎంత నీరు వచ్చినదో చెప్పుటకుముందు ఎవరు పోయిరో చెప్పవలసి వచ్చెను. అచ్చట మా యమ్మాయి కలము నాపి ఊరకుండెడిది. మాటలు తగ్గిన మా యమ్మ ఆ నెలలో మాటలాడినంతగా మరెన్నడును మాటలాడలేదు.

చుక్కల ముగ్గులో నిన్ని గడపలు పట్టవు గనుక మా యమ్మాయి ఊరిమేరకు చుక్కలను దగ్గరదగ్గరగా పెట్టినది. మూడు మీటర్ల కొకటి. గుడి దిబ్బపై కెక్కినది. చింతతోపు దిగి నేలయైనది. ఇప్పుడు విమానము తక్కువ యెత్తున పోయినచో మా వీథి వాలు కంటికి తెలియును.

గడచిన నెలలో పొరుగింటి వదినగారు కాలనీనుండి మా యమ్మను చూడవచ్చిరి. ఇద్దరును కౌగిలించుకొని కొంతసే పేడ్చిరి. కాఫీలైనపిదప మా యమ్మ గర్వముతో ఆమెను తెరముందు కూర్చుండబెట్టి ఊరు చూపించినది. వదినగారు రేవు చూచిరి, గుడి చూచిరి, నోటిపై చేయి పెట్టుకొనిరి. మా వీథికి వచ్చినపిదప కొంచెము ముందుకు వంగిరి.

“అదేమిటి వదినా, మీ అరుగు మా అరుగుకన్న ఎత్తు చూపిస్తున్నది?”

“ఎత్తే కదా” అనెను మా యమ్మ.

“ఎక్కడ ఎత్తు? జానెడు పల్లం. ఎనభైయారులో మా ఇంట్లో పీకలోతు వస్తే మీ ఇంట్లో నిలువు మునిగింది. నేను పడవలోనుంచి చూశాను.”

మేము మా యమ్మవైపు చూచితిమి. పల్లమని యొప్పుకొన్నచో ఆ పాత జాబితా తప్పని తేలును. నలుబదియొకటిలో నుండవలసిన యిల్లు నలుబదియైదులో పడినదని ఆమె ఇన్నేండ్లుగా అంటున్నమాటకు సాక్ష్యము దొరకును. మా యమ్మ పైటకొంగు సర్దుకొన్నది.

“మా మామగారు అరుగు పోయించినప్పుడు మీ అరుగు చూసి నాలుగు వేళ్లు ఎక్కువ పోయించారు. ఊళ్లో అందరికీ తెలుసు” అనెను.

“మీ మామగారు పోయించాక మావాళ్లు ఇంకో వరుస ఇటుక పేర్చారు వదినా.”

“ఎప్పుడు పేర్చారు?”

“మా పెద్దవాడు పుట్టిన ఏడు.”

“నేను చూడలేదే!”

మా యమ్మాయి మీటలపై వ్రేళ్లుంచి ఇద్దరివైపును మార్చిమార్చి చూచినది. “అమ్మమ్మా, మామ్మగారూ, ఇంతకీ ఎంత వెయ్యమంటారు?” అని యడిగినది. వారిద్దరును దానిమాట వినిపించుకొనలేదు. ఇటుకవరుస ఏ మేస్త్రి పేర్చినాడను దానిపై అప్పటికే వాదము మొదలైనది. రెండవసారి కాఫీ కలుపుటకు మేము లోపలికి పోయితిమి.